మానేశానన్న మాటకు రుజువు కావాలి

గంపలగూడెం మండలం లాంటి చోట ఒక ఇంటి నుంచి ఆడపిల్ల జీఎన్‌ఎమ్మో బీఎస్సీ నర్సింగో చేసి విజయవాడలోనో ఖమ్మంలోనో స్టాఫ్ నర్సుగా చేరిందంటే, ఆ జీతం చుట్టూ ఎన్ని అవసరాలు అల్లుకుంటాయో ఆ ఇంటివాళ్లకే తెలుసు. తమ్ముడి కాలేజీ ఫీజు, తోట మీద తెచ్చిన అప్పు, నాన్న షుగరు మాత్రలు అన్నీ ఆ జీతంలోంచే వెళ్తాయి. ఆ పిల్ల మరి నాలుగేళ్లకు పరీక్షలు రాసి గల్ఫో, ఇంగ్లండో, అమెరికానో వెళ్లిందంటే ఇంటి దశే మారుతుంది. అలాంటి నర్సు మత్తుకో తాగుడుకో అలవాటు పడి, దాన్నుంచి బయటపడే దారిలో ఉంటే ఉద్యోగాన్నీ లైసెన్సునూ ఎలా నిలుపుకోవాలి? ఇక్కడ రాసేదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. బ్రదర్లకూ ఇదంతా వర్తిస్తుంది.

ఇది ఎలా మొదలవుతుందో వార్డులో పనిచేసినవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పన్నెండు గంటల నైట్ డ్యూటీ, పేషెంట్లను ఎత్తి దించి పట్టేసిన నడుము. ఒకరోజు పెంటజోసిన్, ఇంకోరోజు ట్రమడాల్. పగలు నిద్ర పట్టదు కాబట్టి అల్ప్రజోలం. డోసు తెలిసిన చేతులు కదా, అదుపులోనే ఉన్నామనిపిస్తుంది. ఆ ధీమానే నర్సుల్ని ఎక్కువ కాలం చికిత్సకు దూరంగా ఉంచుతుంది. ఇంకొందరి విషయంలో అది ఇంట్లో దాచిన మద్యం సీసా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించిన రాష్ట్రం మనది. ఆ చరిత్ర మనకు గర్వకారణమే. కానీ అదే నేల మీద ఒక ఆడమనిషి తనకే తాగుడు అలవాటైందని నోరు విప్పి చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో వెలువడిన జాతీయ సర్వే తేల్చింది. మిగతా ముప్పై ఏడు మందిలో తెల్ల చీరలూ ఉంటాయి.

అమెరికాలో ఈ చిక్కుకు ఒక దారి వేశారు. 1983లో ఫ్లోరిడా రాష్ట్రం మొదట ఈ పని చేసింది. అలవాటు పడిన నర్సు మీద క్రమశిక్షణ చర్య తీసుకుని వదిలేయకుండా, చికిత్సకు పంపి, కొన్నేళ్లపాటు గమనిస్తూ, మళ్లీ పనిలో నిలబెట్టే పథకం పెట్టింది. తర్వాత టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ సహా చాలా రాష్ట్రాలు ఇలాంటివి పెట్టుకున్నాయి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రాలు కూడా వీటిలో ఉన్నాయి. ఈ పథకంలో చేరిన నర్సు ఒక ఒప్పందం మీద సంతకం చేస్తుంది. రోజూ ఫోన్‌లో చెక్ ఇన్ చేయాలి. ఆ రోజు పరీక్ష అని వస్తే వెళ్లి మూత్రం నమూనా ఇవ్వాలి. సహాయ బృందాల సమావేశాలకు వెళ్లాలి. పనిచేసే చోట ఒక సీనియర్ ఆమె పనితీరు గురించి ఎప్పటికప్పుడు రిపోర్టు రాస్తారు. కొన్నాళ్లు నార్కోటిక్ తాళాలు ముట్టకూడదు, నైట్లు, ఓవర్‌టైమ్ చేయకూడదు. ఈ పథకాల ఫలితాలపై 2020లో అక్కడి నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఐదేళ్లపాటు కొనసాగినవారు, నెలకు కనీసం రెండు పరీక్షలు ఇచ్చినవారు, రోజూ చెక్ ఇన్ చేసినవారు, సమావేశాలకు వెళ్లినవారు ఎక్కువగా గట్టెక్కారని అందులో తేలింది.

చాలామంది దీన్ని శిక్షగా తీసుకుంటారు. నా లెక్కలో ఇది నర్సుకు దొరికే అతి విలువైన కాగితాన్ని తయారుచేసే పద్ధతి. టీబీ రోగికి డాట్స్ కింద మన కళ్లెదుటే మాత్ర మింగించేవాళ్లం. ఆ మనిషి అబద్ధాలకోరు అని కాదు, కోర్సు పూర్తయిందని రేపు చెప్పడానికి ఒక సాక్షి కావాలని. ఇదీ అంతే. మానేశానని మీరు చెప్తే అమ్మ నమ్మొచ్చు, భర్త నమ్మొచ్చు. బోర్డు, ఆసుపత్రి, వీసా ఆఫీసు కాగితాన్నే నమ్ముతాయి. చార్టులో రాయనిది చేయనట్టే అని మనకు ఫస్టియర్‌లోనే నేర్పారు కదా.

ఇప్పుడు అమెరికాలో పథకంలో ఉన్నవారికి, తెలుగువాళ్లకే ప్రత్యేకంగా తగిలే కొన్ని సంగతులు. పథకం తరఫున మిమ్మల్ని చూసే కేస్ మేనేజర్లు ఇవి విడమరచి చెప్పరు, వాళ్లకు మన వంటిల్లు తెలియదు. మొదటిది గసగసాలు. అవి నల్లమందు మొక్క గింజలే. కోడికూర మసాలాలో, బిర్యానీలో, గుత్తివంకాయ ముద్దలో, కొందరి ఇళ్లలో అరిసెల మీద కూడా ఉంటాయి. తిన్న తర్వాత మూత్రంలో మార్ఫిన్, కొడీన్ ఆనవాళ్లు కనిపించవచ్చు. సంక్రాంతికి అమ్మ పంపిన పార్సిల్ తిన్నానంటే బోర్డు ఒప్పుకోదు, చాలా ఒప్పందాల్లో గసగసాలు తినకూడదని ముందే రాసి ఉంటుంది. ఇంటికి ఫోన్ చేసి మసాలాలో గసగసాలు వేయవద్దని చెప్పండి. కారణం చెప్పడం ఇష్టం లేకపోతే డాక్టరు మానమన్నారని చెప్పండి, అదీ నిజమే. రెండోది ఆయుర్వేదం. ద్రాక్షాసవం, దశమూలారిష్టం లాంటివి పులియబెట్టి చేసేవి, వాటిలో ఆల్కహాలు ఉంటుంది. హోమియో చుక్కల్లోనూ, కొన్ని దగ్గు సిరప్పుల్లోనూ, మౌత్‌వాష్‌లోనూ ఉంటుంది. ఆల్కహాలు ఆనవాళ్లను పట్టే ఈటీజీ అనే మూత్ర పరీక్ష చాలా సున్నితమైనది, చేతికి రాసుకునే శానిటైజరు కూడా అందులో తగలొచ్చు. వార్డులో శానిటైజరు తప్పదు కాబట్టి సబ్బు, నీళ్లు ఎక్కడ వాడగలరో, ఆల్కహాలు లేని రకం దొరుకుతుందో లేదో చేరిన మొదటి వారంలోనే అడిగి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి. పరీక్షకు ముందు భయంతో లీటర్లకొద్దీ నీళ్లు తాగడం ఇంకో పొరపాటు. పలచబడిన నమూనాను చాలా చోట్ల దాచే ప్రయత్నంగానే చూస్తారు. ఉదయం మొదటి మూత్రం ఇవ్వగలిగితే మంచిది. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా ముందు డెంటిస్టుకు చెప్పండి, రాసిన ప్రిస్క్రిప్షను అదే రోజు పథకానికి పంపండి.

ఇక ఇంటి ప్రయాణం. నాన్నకు గుండెపోటు వచ్చిందని అర్ధరాత్రి ఫోన్ వస్తుంది, మొదటి విమానం ఎక్కేయాలనిపిస్తుంది. ఎక్కేముందు కేస్ మేనేజర్‌కు ఫోన్ చేయండి, ఎత్తకపోతే మెసేజీ పెట్టండి, ఈమెయిలూ పంపండి, జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. సెలవు కాలానికి కొందరు పరీక్షలు ఆపుతారు, కొందరు తిరిగొచ్చాక వెంట్రుకల పరీక్ష అడుగుతారు. చెప్పకుండా తప్పిన పరీక్ష కొన్ని పథకాల్లో పాజిటివ్‌తో సమానం. ఊరికి వచ్చాక ఎవరైనా చుట్టం కల్లు పోస్తే మర్యాదకు కూడా ముట్టకండి. ఇది నీతిబోధగా చెప్పడం లేదు. తెలంగాణ వైపు కల్లులో అల్ప్రజోలం, డైజెపాం కలుపుతూ పట్టుబడిన కేసులు ఏళ్లుగా ఉన్నాయి, ఆ వైపు మధిర మన గంపలగూడేనికి పక్కనే. ఒక్క గ్లాసుతో రెండు రకాల పాజిటివ్‌లు రావచ్చు.

వీసా మీద ఉన్నవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. నర్సింగ్ బోర్డు వ్యవహారం చూసే లాయరు వేరు, ఇమ్మిగ్రేషన్ లాయరు వేరు. ఒప్పందం మీద సంతకం చేసేముందు ఇద్దరినీ అడగండి. వీసా దరఖాస్తు డీఎస్-160లో మాదకద్రవ్యాల దుర్వినియోగం గురించి నేరుగా ఒక ప్రశ్న ఉంటుంది. స్టాంపింగు కోసం హైదరాబాదు వచ్చి అక్కడ తడబడటం కంటే ముందే సలహా తీసుకోవడం మేలు. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో మత్తు అలవాటు బయటపడితే, మానేసి కనీసం 12 నెలలైందని చూపమని అడుగుతారు. అప్పుడు మీ చేతిలో ఉండే బలం పథకం రికార్డే. బహుళ రాష్ట్రాల కాంపాక్టు లైసెన్సు ఉన్నవారు పథకంలో ఉన్నంత కాలం ఆ హక్కు వాడుకోలేరు, సొంత రాష్ట్రంలోనే పనిచేయాలి. ట్రావెల్ నర్సు ఏజెన్సీతో మాట ఇచ్చేముందు అది గుర్తుంచుకోండి.

ఇంగ్లండ్‌లో నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ఆరోగ్య సమస్యను ఆరోగ్య సమస్యగానే విచారించే వీలుంది. ఆ విచారణలు సాధారణంగా గోప్యంగా జరుగుతాయి, షరతులు పెట్టి పనిలో కొనసాగించే అవకాశమూ ఉంది. గల్ఫ్‌కు వెళ్లేవారు మాత్రం చికిత్స ఇక్కడే పూర్తిచేసి, కుదుటపడ్డాక వెళ్లడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ట్రమడాల్, కొడీన్ లాంటివి అనుమతి లేకుండా బ్యాగులో పెట్టుకెళ్లినా అక్కడ కేసులు కావచ్చు.

ఇక మన దగ్గరి మాట. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ అలవాటు మానే నర్సు కోసం ఇలాంటి లైసెన్సు పర్యవేక్షణ పథకం లేదు. ప్రైవేటు ఆసుపత్రిలో ఆంప్యూళ్ల లెక్క తేడా వస్తే జరిగేది ఒకటే: మర్నాటి నుంచి డ్యూటీకి రావద్దంటారు, ఎందుకో కాగితం మీద రాయరు. ఆ నర్సు ఇంకో ఊళ్లో ఇంకో నర్సింగ్ హోంలో చేరుతుంది, జబ్బు ఆమెతోపాటే వెళ్తుంది. పేషెంటుకూ మంచిది కాదు, ఆమెకూ కాదు. అందుకే ఇక్కడ ఉన్న నర్సు తన పర్యవేక్షణను తానే కట్టుకోవాలని చెప్తున్నాను. దానికి అండగా చట్టం కొంత ఉంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో వచ్చే మానసిక స్థితులను మానసిక అనారోగ్యం కిందే చేర్చింది. చికిత్స పొందే హక్కు, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచే హక్కు అందులో ఉన్నాయి. మీ అంతట మీరు చేరి చికిత్స తీసుకునే వీలూ ఉంది. మాదకద్రవ్యాలపై 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ప్రకారం మత్తుమందు వాడకం, చిన్న పరిమాణం కేసుల్లో ఉన్న వ్యక్తి ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో స్వచ్ఛందంగా డీ-అడిక్షన్ చికిత్స పొందితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. వార్డు స్టాకులోంచి తీసిన ఆంప్యూళ్ల సంగతి వేరు, దాన్ని దొంగతనం కింద చూస్తారు. అలాంటిది జరిగి ఉంటే ఎవరికైనా రాతపూర్వకంగా ఏదైనా ఇచ్చేముందు లాయరును కలవండి.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. నర్సులు తమకు తామే డీటాక్స్ చేసుకోవాలని చూస్తారు. ఇంట్లో సెలైన్ పెట్టుకుని, మూడు రోజులు సెలవు పెట్టి, ఎవరికీ తెలియకుండా. రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత డెలీరియం రావచ్చు. నిద్రమాత్రలు ఏళ్లతరబడి వేసుకుని ఒక్కసారి ఆపినా అంతే ప్రమాదం. మత్తు ఇంజెక్షన్ల సంగతి ఇంకో రకం: కొన్ని వారాలు మానాక శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత డోసే ప్రాణం తీస్తుంది. కాబట్టి సైకియాట్రిస్టు దగ్గరే మొదలుపెట్టండి. ఊళ్లో మందుల షాపులో చీటీ చూపిస్తే సాయంత్రానికి వీధంతా తెలుస్తుందన్న భయం నిజమే. అలాగైతే తిరువూరు బస్సెక్కి విజయవాడ వెళ్లండి, ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. హైదరాబాదులో ఉన్నవారికి ఎర్రగడ్డ, విశాఖ వైపు వారికి అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. అసలు ముందు పేరు చెప్పకుండా మాట్లాడాలంటే టెలీ-మానస్ 14416, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉన్నాయి, 14416లో తెలుగులో మాట్లాడతారు.

సెలవు, డబ్బు సంగతి. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కోతపడుతున్న ప్రైవేటు నర్సులు చాలామంది ఆ కార్డును ప్రసూతికి తప్ప వాడరు. డాక్టరు సర్టిఫికెట్ ఉంటే, చందా షరతులు నెరవేరితే, ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అనారోగ్య భృతి వస్తుంది. రెగ్యులర్ ప్రభుత్వ ఉద్యోగులకు మెడికల్ సర్టిఫికెట్ మీద కమ్యూటెడ్ లీవ్ ఉంది. కష్టమంతా కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ నర్సులదే. వాళ్లకు చికిత్సా కాలం జీతం లేని కాలం కావచ్చు. అందుకే సెలవు పెట్టేముందు రెండు నెలల ఖర్చు గురించి ఇంట్లో ఒక్కరితోనైనా నిజం చెప్పి మాట్లాడుకోండి.

చికిత్స మొదలయ్యాక ఒక ఫైలు తెరవండి. డిశ్చార్జి సమ్మరీ, ప్రతి రివ్యూ ఓపీ చీటీ, మూత్ర పరీక్ష రిపోర్టులు, తాగుడైతే డాక్టరు రాసిన జీజీటీ లాంటి రక్త పరీక్షలు తేదీల వారీగా పెట్టండి. పరీక్ష రోజు మీరు ఎంచుకోకూడదు, అక్కడే దాని విలువంతా ఉంది. డాక్టరుగారినో, మీరు నమ్మే అక్కనో బావనో ఎంచుకోమనండి. వాళ్లు పొద్దున్నే ఫోన్ చేసి ఈరోజు వెళ్లమంటే వెళ్లి ఇచ్చి రండి. నెలకు రెండుసార్లు చాలు. తాగుడు మానేవారి సహాయ బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్తే ఏ తేదీన వెళ్లారో మీరే ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. వాళ్లు హాజరు పట్టిక పెట్టరు, పేర్లు బయటికి చెప్పరు. ఏడాది తర్వాత ఆ ఫైలు ఏ ఇంటర్వ్యూలోనైనా మీ తరపున మాట్లాడుతుంది. విదేశాలకు వెళ్లేటప్పుడు మన నర్సింగ్ కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ కావాలి, చాలా దేశాల దరఖాస్తుల్లో ఆరోగ్యం, ప్రవర్తన గురించి ప్రశ్నలుంటాయి. జబ్బు వచ్చి చికిత్స తీసుకున్నవారికి దారులు ఉన్నాయి. అబద్ధం రాసి దొరికినవారికి చాలాచోట్ల లేవు.

పనిచేసే చోట ఎంత చెప్పాలి? జబ్బు పేరు అందరికీ చెప్పనక్కర్లేదు. ఇన్‌ఛార్జికి గానీ నర్సింగ్ సూపరింటెండెంటుకు గానీ ఇలా చెప్పవచ్చు: "మేడమ్, నాకు ఆరోగ్యం బాగాలేక చికిత్స తీసుకుంటున్నాను. డాక్టరుగారు ఆరు నెలలు నైట్లు, ఐసీయూ వద్దన్నారు, చీటీ తెచ్చాను. మత్తు మందుల కప్‌బోర్డు తాళం నాకు ఇవ్వకండి. నెలనెలా రివ్యూ కాగితం చూపిస్తాను." ఓపీ, టీకాలు, ఇన్ఫెక్షన్ కంట్రోల్, స్టూడెంట్ల ట్రైనింగ్ లాంటి పనులు అడగండి. ఆపరేషన్ థియేటరు, అనస్థీషియా, క్యాజువాలిటీ కొన్నాళ్లు వద్దు. మిగిలిన మందు పారబోసేటప్పుడు రెండో సంతకం లేకుండా కదలకండి, ఎవరు విసుక్కున్నా సరే. షిఫ్టుకు ఇద్దరే ఉండే చిన్న నర్సింగ్ హోంలో ఇవేవీ కుదరవు. అలాంటప్పుడు జీతం రెండు మూడు వేలు తగ్గినా పెద్ద ఆసుపత్రి ఓపీలోకి మారడమే మంచిది.

తోటి నర్సు చేతులు వణకడం, ఆమె డ్యూటీలోనే పేషెంట్లకు నొప్పి తగ్గకపోవడం, రిజిస్టరులో దిద్దుబాట్లు మీ కంట పడితే క్యాంటీన్‌లో చెవులు కొరుక్కోకండి. చూసింది తేదీ, సమయంతో రాసి ఇన్‌ఛార్జికి ఇవ్వండి. ఆ రోజు ఆమెను ఒంటరిగా ఇంటికి పంపవద్దు. పట్టుబడిన రాత్రి అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉండేది ఆమే.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. దాని కింద నైతిక ప్రమాణాలు, రిజిస్ట్రేషన్ చూసే బోర్డు ఉంటుంది, రాష్ట్రాల్లోనూ కమిషన్లు ఉండాలి. నర్సుల సంఘాలు జీతాల కోసం, పోస్టుల రెగ్యులరైజేషన్ కోసం మెమోరాండాలు ఇస్తున్నాయి, ఇవ్వాలి కూడా. వాటిలోనే ఇంకో పేరా చేర్చమని అడుగుతున్నాను: స్వచ్ఛందంగా ముందుకొచ్చిన నర్సు రిజిస్ట్రేషన్ రద్దు చేయకుండా, చికిత్స, పరీక్షలు, షరతులతో పనిలో ఉంచే పథకం కావాలని. ఫ్లోరిడా నలభై ఏళ్ల కిందటే చేసిన పని ఇది.

చివరగా, మానేశాక మళ్లీ ఒకరోజు జారితే ఏం చేయాలో. ఇది ముందే ఇంట్లో అనుకుని ఉంచుకోవాల్సిన విషయం. ఆ రోజు డ్యూటీకి వెళ్లకండి, ఒంట్లో బాగాలేదని సెలవు చెప్పండి. ఒంటరిగా గదిలో ఉండకండి. మీ పరీక్ష రోజు ఎంచుకునే మనిషికి ఫోన్ చేసి జరిగింది చెప్పండి. పథకంలో ఉంటే, పరీక్షలో బయటపడేలోపు మీరే కేస్ మేనేజర్‌కు చెప్పండి, ఇలా ముందుగా చెప్పినవారిని చాలాచోట్ల పట్టుబడినవారికంటే వేరుగా చూస్తారు. మర్నాడు సైకియాట్రిస్టు దగ్గరికి ఫైలు పట్టుకెళ్లి, జారిన తేదీ కూడా అందులో రాయించండి.